హాయిల్ పొలంలో పడ్డ పన్ను

మా మనవరాలు ఇషితకి కింది వరసలో పాలపన్ను ఊడకముందే దాని వెనకాల ఇంకో పన్ను మొలిచింది. తనకి రెండు వరసలు వస్తున్నాయని బడిలో అందరికీ నోరు తెరిచి చూపించుకుని మురిసిపోయింది పిల్ల. దాని తల్లి, అంటే మా అమ్మాయి, ఫోనులో ఏవేవో బొమ్మలు చూసి బెంబేలెత్తిపోయింది. అప్పటికి మా అమ్మ విజిట్ వీసా మీద రియాద్ వచ్చి మలాజ్‌లో మా ఫ్లాట్‌లోనే ఉంది. ఎనభైల్లో పడిన మనిషి. మోకాళ్లు సహకరించవు కాబట్టి గడప దాటదు గానీ, ఇంట్లో ఎవరి నోరు ఎలా ఉందో ఆవిడకి తెలియాల్సిందే. పిల్లని దగ్గరికి లాక్కుని, బొటనవేలితో కింది పెదవి వంచి, కళ్లద్దాలు సర్దుకుని కాసేపు చూసింది. "పాలపన్నుకి వేరు కరగలా. అందుకే మొండికేసి కూచుంది. తీయించండి, కంగారుపడబాకండి," అంది. నువ్వే తీసెయ్యరాదా అని నేను ఆటపట్టిస్తే కుడిచెయ్యి చాపి చూపించింది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నాకు నవ్వు ఆగిపోయింది. ఆ చెయ్యి వణకని రోజు ఒకటి నాకు తెలుసు. పై వరసలో నా ముందు పన్ను ఇంకా నా నోట్లో ఉందంటే అది ఆ చేతి చలవే.

మా ఇంటికి దగ్గర్లోనే పిల్లల పళ్లకంటూ విడిగా ఒక ఆసుపత్రి ఉంది. గోడల నిండా చేపల బొమ్మలు, పడక కుర్చీకి పైన కప్పులో టీవీ, పిల్లలు వెల్లకిలా పడుకుని కార్టూన్లు చూస్తూనే వైద్యం చేయించుకోవచ్చు. అన్నీ బాగున్నాయి గానీ ఆ గదిలో నాకేదో లోటుగా అనిపించింది. కాసేపటికి తెలిసింది, వాసన లేదు. నా చిన్నప్పుడు పళ్ల ఆసుపత్రంటే లవంగ నూనె వాసన. అమ్మ కొంగులో అదే, జడలో అదే, ఆవిడ కలిపి పెట్టే పప్పన్నంలో కూడా అదే. ఇక్కడ ఇషిత చిగురుకి రాసిన జెల్లీ స్ట్రాబెర్రీ వాసన వేసింది. డాక్టరు సౌదీ అమ్మాయి, మా అమ్మాయి కన్నా చిన్నదే అయుంటుంది. ముందుగా చిన్న అద్దం ఇషిత చేతికిచ్చి తన పళ్లు చూడమంది. తర్వాత ఇంగ్లీషులో, కొంచెం నొప్పి ఉంటుంది, నువ్వు చెయ్యెత్తితే నేను ఆపేస్తాను అని చెప్పింది. నేను కుర్చీలో సర్దుకుని కూచున్నాను. నొప్పే ఉండదని పిల్లలతో అబద్ధం చెప్పని పళ్ల డాక్టరుని నేను అంతకుముందు ఒక్కరినే చూశాను.

నాన్న వ్యవసాయ ఇంజనీరు. నా చిన్నప్పుడు మేము ఈ దేశంలోనే ఉత్తరాన హాయిల్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఆ ఊరి బయట గోధుమ పొలాలకి నీళ్లు పెట్టే యంత్రాల బాధ్యత ఆయనది. ఇసక మధ్యలో పొడవాటి ఇనప గొట్టాలు చక్రాల మీద గుండ్రంగా తిరుగుతుంటే వాటి కింద పచ్చగా చేలు మొలిచేవి. నెల్లూరు జిల్లా వరి పొలాలు చూసి పెరిగిన నాన్నకి గుండ్రటి పొలం ఎప్పటికీ వింతే. అమ్మ అదే ఊళ్లో ఆడవాళ్ల, పిల్లల ఆసుపత్రిలో పళ్ల డాక్టరు. హాయిల్ చలి మాట వినడమే గానీ చూడని వాళ్లకి చెప్పినా నమ్మరు. పొద్దున్నే కిరోసిన్ హీటర్ పక్కన నిలబడి పళ్లు తోముకునేదాన్ని. తోముకునేదాన్నంటే బ్రష్షు నా చేతిలో ఉండేది, నా చేతి మీద అమ్మ చెయ్యి ఉండేది. బూట్లకి తాడు కట్టుకోవడం సరిగా వచ్చేదాకా పిల్లలకి పళ్లు తోముకోవడం రాదని, తోముకుంటున్నామని అనుకుంటారంతేనని ఆవిడ నమ్మకం. మళ్లీ రాత్రి అన్నాలయ్యాక అదే తంతు. తోమాక ఇంక ఏదీ నోట్లో పెట్టకూడదు, పాలతో సహా.

అలాగని అమ్మ తీపికి శత్రువు కాదు. హాయిల్‌లో ఎవరింటికి వెళ్లినా ఖర్జూరాలు పెడతారు, వద్దంటే నొచ్చుకుంటారు. అమ్మ తినేది, మమ్మల్ని తిననిచ్చేది, వెంటనే నీళ్ల గ్లాసు చేతికిచ్చేది. రోజంతా కొసరి కొసరి తింటే తప్పు గానీ భోజనంతోపాటు తింటే పళ్లు తట్టుకుంటాయనేది. నెల్లూరు నుంచి ఎవరైనా మలై కాజా తెస్తే నాన్న డబ్బా బీరువాలో దాచుకుని దొంగతనంగా తినేవాడు. ఆయన నమిలే చప్పుడు వినపడగానే అమ్మ మాటా పలుకూ లేకుండా గ్లాసుడు నీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయేది. అంత పెద్ద ఇంజనీరూ పుక్కిలించి వచ్చి బుద్ధిగా కూచునేవాడు.

ఆసుపత్రిలో అమ్మ ఎక్కువగా చూసింది పాలసీసా పళ్లు. పిల్లలు పడుకునేటప్పుడు చక్కెర పాలో, తియ్యటి టీయో సీసాలో పోసి నోట్లో పెట్టేవారు. నడక వచ్చేసరికి పై పళ్లు నల్లగా అరిగిపోయేవి. ఇవి పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి, వీటికి వైద్యం ఏమిటని అవ్వలు వాదించేవాళ్లు. మా నెల్లూరు అవ్వ కూడా ఇదే మాట అనేదని అమ్మ నవ్వేది. వాళ్లతో వాదం పెట్టుకునేది కాదు. కుర్చీని చూసి పిల్ల గుక్కపట్టి ఏడిస్తే కుర్చీ ఊసే ఎత్తేది కాదు. తనొక స్టూలు లాక్కుని, అవ్వని ఎదురుగా ఇంకో స్టూలు మీద కూచోమని, మోకాళ్లకి మోకాళ్లు ఆనించి, పిల్లని ఇద్దరి ఒళ్లల్లోనూ పడుకోబెట్టేది. కాళ్లు అవ్వ ఒళ్లో, తల తన ఒళ్లో. పిల్లకి అవ్వ మొహం కనపడుతూ ఉంటుంది, అమ్మకి నోరంతా కనపడుతుంది. తర్వాత అవ్వ బొటనవేలితోనే పిల్ల పెదవి పైకి ఎత్తించేది. చీము పట్టిన చిగురు తన వేలి కింద తనే చూసుకున్నాక ఏ అవ్వా ఇంక పాలపళ్లే కదా అనలేదు.

అలా వచ్చిన అవ్వల్లో నూరా అనే పిల్లని తీసుకొచ్చిన అవ్వ ఒకరు. నాన్న పని చేసే పొలం వాళ్లదే. ఆవిడని అందరూ జద్దా అనేవాళ్లు, అంటే వాళ్ల భాషలో అవ్వ అనే. నేనూ అలాగే పిలిచేదాన్ని. మొదటిసారి వచ్చినప్పుడు నూరా మా అమ్మ వేలు గట్టిగా కొరికింది. పళ్లు గట్టివేనని అమ్మ మెచ్చుకుంది. ఆ దెబ్బతో నూరా, నేనూ స్నేహితులమైపోయాం. ఒకే ఈడు వాళ్లం, ఒకేసారి పళ్లు ఊడుతున్న వాళ్లం. పాలపన్ను ఊడితే మా ఊళ్లో పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరేవాళ్లు. హాయిల్‌లో పేడ ఎక్కడిది? నాన్న తడి ఇసక ముద్ద చేసి ఇచ్చాడు. నేను విసిరితే అది ఏసీ పెట్టెకి తగిలి తిరిగి నా కాళ్ల దగ్గరే పడింది. నూరా పడీ పడీ నవ్వి, తమ పద్ధతి నేర్పింది. వాళ్లు ఊడిన పన్నుని సూర్యుడి వైపు విసురుతారు. ఈ గాడిద పన్ను నువ్వు తీసుకుని జింక పన్ను నాకివ్వమని ఆయన్ని అడుగుతారు. అమ్మకి కూడా ఈ పద్ధతి బాగా నచ్చింది. ఆసుపత్రిలో పిల్లలకి పీకిన పాలపన్నుని దూదిలో చుట్టి చేతికిచ్చి, ఇంటికెళ్లి సూర్యుడికి ఇచ్చేయమని సాగనంపేది. ఏడుస్తూ దిగిన పిల్లలు కూడా ఆ దూది గుప్పిట్లో పట్టుకుని పరిగెత్తేవాళ్లు.

ఒక శుక్రవారం వాళ్ల పొలం ఇంట్లో మాకు భోజనం. లోపల ఆడవాళ్లు కింద తివాచీ మీద పళ్లెం చుట్టూ కూచుని ఉన్నారు. నూరా, నేనూ తినీ తినకుండానే బయటికి పరిగెత్తి ఆగి ఉన్న నీటి యంత్రం ఎక్కి ఆడుకుంటున్నాం. గొట్టం తడిగా ఉంది. నా కాలు జారింది. మొహం ఇనప కమ్మీకి కొట్టుకోవడం తెలిసింది గానీ నొప్పి వెంటనే తెలియలేదు. నోరంతా వెచ్చగా, ఉప్పగా అయింది. నాలుక పెట్టి చూసుకుంటే ముందు పన్ను ఉండాల్సిన చోట మెత్తగా ఉంది. అది పాలపన్ను కాదు, అది ఊడాక మొలిచిన అసలు పన్ను. పోతే మళ్లీ రాదు. ఆ సంగతి నాకూ తెలియదు, నూరాకీ తెలియదు. నేను ఏడుస్తుంటే నూరా తన స్కార్ఫుతో నా గడ్డం తుడిచింది, కింద పడ్డ పన్ను ఏరింది, నా తరఫున తనే సూర్యుడి వైపు తిరిగి, అడగాల్సినదంతా పద్ధతిగా అడిగి, బలంగా విసిరేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

అమ్మ నన్ను చూసి లేచింది. నోరు తెరిపించి చూసింది. చిట్లిన పెదవి సంగతి పట్టించుకోలేదు. "పన్నేదీ?" అని అడిగింది. నూరా కిటికీలోంచి సూర్యుణ్ణి చూపించింది. అమ్మ మొహంలో రంగు పోవడం నేను చూశాను. నూరాని ఒక్క మాటా అనలేదు. అప్పటికే ఆవిడ మనసులో లెక్క మొదలైపోయింది. ఊడిన పన్ను ఎండిపోకముందే తిరిగి దాని గూట్లో పెడితే అతుక్కుంటుంది, ఆలస్యమైతే ఇంక ఆశ లేదు. ఆడపిల్ల ముందు పన్ను, పైగా ఎదిగే వయసు. చెప్పులు కూడా వేసుకోకుండా పొలంలోకి నడిచింది, వెనకాల ఆడవాళ్లందరూ అబాయాలు కప్పుకుంటూ వెళ్లారు. గోధుమ అప్పుడే జానెడు లేచి ఉంది. అంత పచ్చటి చేలో పంటిని ఎక్కడని వెతకడం? అందరూ ఒక్కసారిగా చేలో దిగబోతే అమ్మ చేతులు చాపి ఆపేసింది, తొక్కితే మట్టిలోకి దిగబడిపోతుందని. తర్వాత ఆవిడ చేసిన పని నా కళ్లకి ఇప్పటికీ కట్టినట్టుంది. లోపల పళ్లెంలోంచి ఒక ఖర్జూరపు గింజ తెప్పించింది. నూరాని ఇందాక నిలబడ్డ చోటే నిలబెట్టి, భయపడొద్దని వీపు నిమిరి, ఇందాక ఎలా విసిరావో అచ్చం అలాగే ఈ గింజ విసరమంది. నూరా మళ్లీ మొదటి నుంచీ సూర్యుణ్ణి అడగడం మొదలుపెట్టింది. అడగకుండా విసిరితే వేరేగా పడుతుందని ఆ పిల్ల లెక్క. అమ్మ ఓపిగ్గా ఆగింది. గింజ పడిన చోటు చుట్టూ ఆడవాళ్లు మోకాళ్ల మీద వంగి మొక్కలు పాయలు పాయలుగా తీసి వెతికారు. దొరికింది నూరాకే. తెల్లగా మట్టిలో మెరుస్తున్న దాన్ని తియ్యబోతుంటే అమ్మ వెళ్లి, వేరు ముట్టుకోకుండా పంటి తల పట్టుకుని తనే తీసింది.

జద్దా గిన్నెతో పరిగెత్తుకొచ్చింది. అందులో మజ్జిగ ఉంది, అమ్మ వద్దంది. పాలు కావాలంది. పెరట్లో మేకని అప్పటికప్పుడు పితికారు. ఆ పాలలో పన్ను ముంచి మట్టి పోనిచ్చింది, రుద్దలేదు, తుడవలేదు. ఆసుపత్రి దాకా వెళ్లే వ్యవధి లేదనుకుని ఆ తివాచీ మీదే కూచుంది. ఎదురుగా జద్దా కూచుంది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ మోకాళ్లు వచ్చి అమ్మ మోకాళ్లకి ఆనాయి. నా కాళ్లు జద్దా ఒళ్లోకి, తల అమ్మ ఒళ్లోకి చేరాయి. ఊళ్లో ఇంతమంది పిల్లలని పడుకోబెట్టిన చోట నేను ఆ రోజే మొదటిసారి పడుకున్నాను. కింద నుంచి చూస్తే అమ్మ మొహం తలకిందులుగా ఉంది. నేను ఎప్పుడూ చూడని మొహం.

"నొప్పి పుడతాది. పుట్టదని నేను చెప్పను," అంది. "జద్దానే చూస్తా ఉండు. కదలబాక. అయిపోంగానే నేనే చెప్తా."

జద్దా నా కాళ్లు గట్టిగా పట్టుకుని పెదవులు కదుపుతూ దేవుణ్ణి తలుచుకుంటోంది. అమ్మ వేళ్లు నా నోట్లోకి వచ్చాయి. లవంగ నూనె వాసన, మేకపాల వాసన, నెత్తుటి వాసన కలిసిపోయాయి. పన్ను గూటిని వెతుక్కుంటూ మెల్లగా పైకి వెళ్లడం, చివర్లో కుదురుకోవడం ఎముకకి తెలిసింది. ప్రాణం పోయినంత నొప్పి. అయినా ఆ వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు. అయిపోయిందని చెప్పింది, అయిపోయింది. మడతపెట్టిన గుడ్డ కొరికి పట్టుకోమంది. నాన్న కారులో ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ సన్నటి తీగతో ఆ పంటిని పక్క పళ్లకి కట్టింది. అంతా అయ్యాక చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. పంపు చాలాసేపు పారుతూనే ఉంది. నాన్న తలుపు దగ్గర నిలబడ్డాడు గానీ తట్టలేదు. ఆవిడ బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు మాత్రం మెత్తటి అన్నం తప్ప ఏమీ పెట్టొద్దని మామూలు గొంతుతోనే చెప్పింది. పన్ను బతుకుతుందో లేదో తెలియడానికి నెలలు పట్టింది. ప్రతి వారం దాని మీద మెల్లగా తట్టి, చప్పుడు విని, చిగురు చూసి వెళ్లిపోయేది. ఒకరోజు తట్టి నవ్వింది.

నేను మెచ్చుకునేది ఆ వేళ్లనే కాదు. ఆ తర్వాత ఆవిడ చేసినదాన్ని ఇంకా ఎక్కువ మెచ్చుకుంటాను. నూరా భయపడి మా ఇంటికి రావడం మానేసింది. జద్దా సిగ్గుపడి, ఇంక ఈ సూర్యుడి గొడవ మా ఇంట్లో ఉండదని కబురంపింది. అమ్మ ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది, నన్నూ తీసుకెళ్లింది. మంచి పద్ధతి, మానొద్దని చెప్పింది. నూరాని పక్కన కూచోబెట్టుకుని, తనకొచ్చిన కొద్దిపాటి అరబ్బీలో, "ముందు నాకు చూపించు, తర్వాత సూర్యుడికి ఇవ్వు," అంది. ఊడింది పాలపన్నయితే విసిరెయ్యొచ్చు, కాకపోతే పాలలో వేసుకుని పరిగెత్తుకు రావాలి, ఏది ఏదో తను చూసి చెప్తుంది. అంతే. ఆ మాటే ఆసుపత్రిలో వచ్చిన ప్రతి తల్లికీ, బళ్లో ప్రతి పిల్లకీ చెప్పింది. తమాషా ఏమిటంటే, అంతకుముందు నొప్పి పుడితే తప్ప ఆసుపత్రి మొహం చూడని పిల్లలు ఊడిన పన్ను పట్టుకుని వాళ్లంతట వాళ్లే రావడం మొదలుపెట్టారు. అమ్మ పన్ను చూసేది, మెచ్చుకునేది, ఎలాగూ వచ్చారు కదా అని పెదవెత్తి మిగతావి కూడా చూసేసేది. తర్వాత ఆసుపత్రి వెనక తలుపు తీసి, అదుగో సూర్యుడు, ఇచ్చేయండి అనేది. కొన్నాళ్లకి మేము హాయిల్ వదిలి నెల్లూరు వెళ్లిపోయాం. పెళ్లయ్యాక నేను మళ్లీ ఈ దేశం వచ్చాను గానీ రియాద్‌లోనే ఉండిపోయాను. నూరా ఎక్కడుందో తెలియదు. నా పన్ను మాత్రం ఉంది, కాస్త పసుపు తిరిగి.

ఇషిత పాలపన్ను ఇట్టే వచ్చేసింది. చెయ్యెత్తే అవసరం కూడా రాలేదు. అప్పట్లో తివాచీ మీద రెండు ఒళ్ల మధ్య జరిగినది ఇప్పుడు కార్టూన్ల కింద జరుగుతోంది, నొప్పి కూడా దాదాపు లేకుండా. నేను దీన్ని తక్కువ చెయ్యను. ఇలాంటి గదీ, ఇలాంటి మందులూ దొరికి ఉంటే అమ్మ ఎంత సంతోషించేదో నాకు తెలుసు. డాక్టరమ్మాయి పన్ను కడిగి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇషిత గుప్పిట్లో పెట్టింది. కళ్లతోనే నవ్వుతూ, నాకు చూపించేశావు కాబట్టి ఇంక సూర్యుడికి ఇచ్చేయొచ్చు అంది. ఆ మాట నీకెక్కడిదని అడిగాను. తమది హాయిల్ అని, అక్కడ పెద్దవాళ్లందరూ పిల్లలతో అలాగే అంటారని చెప్పింది. "ముందు దక్తూరాకి, తర్వాత సూర్యుడికి. మా అమ్మమ్మ మమ్మల్ని పన్నుతో పాటు కారెక్కించి మరీ తీసుకెళ్లేది. ఎందుకంటారో నేనెప్పుడూ అడగలేదు." దక్తూరా అంటే డాక్టరమ్మ. హాయిల్‌లో మా అమ్మని ఎవరూ పేరుతో పిలవలేదు, అలాగే పిలిచేవాళ్లు. చెప్దామని నోరు తెరిచాను. నా పంటి రంగు చూసి కాబోలు, మీరూ ఒకసారి చూపించుకోండి ఆంటీ అందా అమ్మాయి.

ఇంటికొచ్చేసరికి అమ్మ కిటికీ దగ్గర కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. బాల్కనీ అవతల మేడల మీద ఎండ ఎర్రబడుతోంది. ఇషిత డబ్బా పట్టుకుని నేరుగా బాల్కనీలోకి పరిగెత్తబోయింది. అమ్మ చిక్కుళ్లు పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"ముందు నాకు చూపీ," అంది.

పన్ను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పింది. పిల్ల పెదవి వంచి చూసి, వెనక పంటిని నాలుకతో ముందుకు తోస్తూ ఉండమని చెప్పింది. అప్పుడు నేను ఆవిడ పక్కన కూచుని డాక్టరమ్మాయి అన్నదంతా చెప్పాను. ఆ మాట హాయిల్‌లో ఇంకా ఉందని, ఎవరు మొదలుపెట్టారో తెలియకుండానే అంటున్నారని చెప్పాను. చెప్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ మాత్రం అరచేతిలో పన్నుని మళ్లీ ఒకసారి తిప్పి చూసింది.

"అంటన్నారు సరే. పిల్లకాయల్ని తీసకపోయి చూపిస్తన్నారంటనా?" అని అడిగింది.

"చూపిస్తున్నారంటమ్మా. ఆ అమ్మాయిని కూడా అలాగే తీసుకెళ్లేవాళ్లంట."

"అయితే సరే," అంది అమ్మ. వణికే చేత్తో పన్ను తీసి ఇషిత గుప్పిట్లో పెట్టి, వేళ్లు మూసింది. "ఇంక పో. ఎండ పోకముందే ఇచ్చేసి రా."